ఇసుకమెరక మీద పచ్చరంగు

రేవుకొండ మున్సిపల్ ఆఫీసు మీటింగు హాల్లో నేలపీట ఎక్కిన మొదటి మనిషి కమిషనర్ గారు. చెప్పులు విడిచి, ప్యాంటు కాస్త పైకి లాక్కుని, మంచమంత వెడల్పున్న ఆ చెక్క మీద నిలబడి, "ఏదీ, ముందు మా ఇంటి సంగతి చెప్పండి" అన్నారు.

ఆ పీట తయారుచేసిన విద్యాధర్ మీట నొక్కాడు. కమిషనర్ గారి క్వార్టర్సు కొండ మీద, రాతినేల మీద ఉంది. పీట ఒక్కసారి గట్టిగా అదిరి ఆగిపోయింది. బస్సు గేరు మార్చినప్పుడు తూలినట్టు తూలి, ఆయన నవ్వారు.

"ఇంతేనా?"

"ఇంతే సార్. ఇప్పుడు కూడా అదే భూకంపం. కాకపోతే ఇల్లు పాయవీధిలో."

ఈసారి పీట మెల్లగా మొదలెట్టింది. పక్కకి ఊగింది, వెనక్కి వచ్చింది, వచ్చినప్పుడల్లా ఇంకాస్త ఎక్కువగా ఊగింది. ఆగుతుందనుకున్న ప్రతిసారీ ఆగలేదు. కమిషనర్ గారు మోకాళ్ళ మీద పడిపోయారు. అటెండర్లు పరుగెత్తుకొచ్చి రెక్కలు పట్టుకున్నారు. హాల్లో ఎవరూ నవ్వలేదు. అక్కడ కూర్చున్నవాళ్ళలో సగంమంది పాయవీధి మనుషులే.

"ఊరొకటే, భూకంపమొకటే. మరి ఈ తేడా ఏమిటంటారా?" విద్యాధర్ మైకు దగ్గరికి వచ్చాడు. "కంచంలో ఒక పక్క రాయి పెట్టండి, ఒక పక్క జున్నుముక్క పెట్టండి. కంచాన్ని వేలితో కొట్టండి. రాయి కంచంతోపాటు కదిలి ఊరుకుంటుంది. జున్ను ఊగుతూనే ఉంటుంది. పాయవీధి కింద ఉన్నది జున్నండీ. ఎప్పుడో గోదావరి పాయ ఒకటి అక్కడ పారింది. నది పక్కకి తప్పుకుంది, దాని బురద మాత్రం ఉండిపోయింది. దాని మీద మనం మేడలు కట్టుకున్నాం."

చప్పట్లు మోగాయి. మూడో వరసలో కూర్చున్న నళిని కూడా చప్పట్లు కొట్టింది. కొడుతూ ఆ జున్ను గురించే ఆలోచించింది. ఆ జున్ను తనది. పెళ్ళైన కొత్తలో వంటింట్లో, స్టీలు కంచంలో, తనే అతనికి చూపించింది. అప్పట్లో అతనికి మట్టి గురించి ఏమీ తెలియదు. ఇప్పుడతను దొంగతనం చేశాడని కూడా అనడానికి లేదు. అది ఎవరిదో అతను నిజంగానే మరిచిపోయాడు. అదే ఆమెకి ఎక్కువ మండింది.

ఇద్దరూ ఒకే కాలేజీలో చదివారు, ఇద్దరూ రేవుకొండ భూకంప అధ్యయన కేంద్రంలో పనిచేస్తున్నారు. ఇంట్లో ఒకరినొకరు నువ్వనే పిలుచుకుంటారు. నళిని పని నేలలో బోర్లు వేయించి, లోపలి మట్టిని పొరలు పొరలుగా బయటికి తీసి పరీక్షించడం. పదిహేనేళ్ళుగా ఊరి చుట్టూ తిరిగి వేయించింది. ఎండలో, బురదలో, రైతుల చేత తిట్లు తింటూ, లారీవాళ్ళని బతిమాలుతూ. ఊళ్ళో ఆమెని "బోర్ల మేడమ్" అంటారు. ఏ వీధి కింద ఏ లోతులో బంకమట్టి ఉందో, ఎక్కడ ఇసుక మొదలవుతుందో ఆమెకి కంఠతా వచ్చు.

విద్యాధర్ సెన్సరు అరచేతిలో పట్టే డబ్బా. దాన్ని ఏ ఇంట్లోనైనా కాసేపు నేలమీద పెడితే చాలు. లారీలూ గాలీ నదీ కలిసి నేలలో పుట్టించే, మనిషి కాలికి తెలియని సన్నని వణుకుని అది వింటుంది. ఆ వణుకుని బట్టి, పెద్ద భూకంపం వస్తే ఆ నేల ఎలా ఊగుతుందో లెక్కగట్టి, నేలపీట మీద నిలబడ్డవాడి కాళ్ళకి చూపిస్తుంది. ఏళ్ళ తరబడి వేసిన బోర్లు చెప్పింది అది ఒక పూటలో చెప్పేస్తుంది. ఏడాదిగా గోదావరి వెంబడి చిన్న చిన్న కంపాలు వస్తూ ఉండటంతో జనం భయపడి ఉన్నారు. పీట గురించి తెలియగానే ఊరంతా దాని చుట్టూ మూగింది.

నళినికి సంతోషించడం రాకపోలేదు. మొదటివారం సంతోషించింది కూడా. తర్వాత పేపర్లో వచ్చింది: "పాయవీధి ప్రమాదాన్ని పసిగట్టిన నేలపీట. బోరు పరీక్షల్లోనూ అదే ఫలితం." పదిహేనేళ్ళ పని చివరి వాక్యంలో, "లోనూ" అనే మాటకి తగులుకుని ఉంది. ఇంటర్ చదువుతున్న కూతురు అన్విత ఆ ముక్క కత్తిరించి ఫ్రిజ్ మీద అంటించింది. "అమ్మా, నీ బోర్ల గురించి కూడా రాశారు చూడు" అంది. పాపం, తల్లిని సంతోషపెట్టాలనే అంది. నళిని పాలగిన్నె తీయడానికి ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళినప్పుడల్లా ఆ "లోనూ" కనిపించేది.

విద్యాధర్ ఊరి పటానికి రంగులు వేశాడు. గట్టి నేలకి పచ్చ, మెత్తటి నేలకి ఎరుపు. నెల తిరక్కుండా ఊళ్ళో మనుషులు ఆ రంగుల్లోనే మాట్లాడుకోవడం మొదలెట్టారు. పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళు కాఫీ తాగుతూ "మీది ఎరుపా పచ్చా అండీ?" అని అడిగారు. కొండవీధిలో అద్దెలు పెరిగాయి. పాయవీధిలో ఇల్లు అమ్ముదామంటే కొనేవాడు లేడు. చిన్న కంపం వచ్చిన రోజున పాయవీధివాళ్ళు చాపలు చంకనపెట్టుకుని కొండవీధి అరుగుల మీదికి పోయారు. రెండోసారి వెళితే గేట్లకి తాళాలున్నాయి. అన్నదమ్ముల మధ్య, తోడికోడళ్ళ మధ్య మాటలు ఆగిపోయాయి. ఎదుటివాడి కారు చూసో మేడ చూసో కుళ్ళుకునే మనుషులు ఇప్పుడు వాడి కాళ్ళకింద ఉన్న రాయిని చూసి కుళ్ళుకున్నారు.

పెద్దాసుపత్రిలో హెడ్ నర్సు సలోమి ఇల్లు పాయవీధిలోనే. ఆవిడకి ఏభై దాటాయి. అన్విత పుట్టినప్పుడు నళినికి పురుడు పోసింది ఆవిడే. ఒకసారి బజార్లో కనిపించి, "మా ఆడపడుచుది కొండవీధేనండి. ఆదివారం ప్రార్థన అయ్యాక ఎప్పుడూ వాళ్ళింట్లోనే భోంచేసేవాళ్ళం. ఇప్పుడు పిలవట్లేదండి. వచ్చినోళ్ళు లేవరని భయమంట" అని నవ్వింది. నళిని కూడా నవ్వింది. ఆ మాట ఆమెకి సులువుగా అర్థమైంది. తను కూడా అలాంటి గేటు బయటే ఉన్నానని అనుకుంది.

పెద్దాసుపత్రి మొత్తం ఎరుపులో ఉంది. పాయ పూడిన చోట, మెత్తని బంకమట్టి మీద కట్టిన మూడంతస్తుల పాత భవనం అది. ఊరికి దిగువన, కాలువ అవతల ఇసుకమెరక అనే చోట కాలేజీ కోసం కట్టి వాడకుండా వదిలేసిన భవనం ఉంది. విద్యాధర్ ఈ వేసవిలోనే అక్కడ సెన్సరు పెట్టి చూశాడు. పచ్చ వచ్చింది. ఆసుపత్రిని అక్కడికి మార్చేద్దామని కమిషనర్ గారు నిర్ణయించారు. మీటింగు పెట్టి అందరినీ పిలిచారు.

ఆ ముందురోజు నళిని తన గదిలో ఇసుకమెరక మట్టి నమూనాలు బయటికి తీసింది. ఎందుకు తీసిందో ఆమెకే తెలుసు. తప్పు దొరుకుతుందేమోనని తీసింది. దొరికింది.

విద్యాధర్ సెన్సరు పెట్టింది మే నెల మొదట్లో. అప్పటికి కాలువలు కట్టేసి ఉన్నాయి. నేలలో నీళ్ళు బాగా కిందికి దిగిపోయి, ఇసుక ఎండి, ఒత్తుకుని గట్టిగా ఉంది. సెన్సరుకి వినిపించింది ఆ గట్టితనమే. జూన్ నెలాఖరుకి కాలువలు వదిలితే ఇసుకమెరకలో చేతిలోతున నీళ్ళూరతాయి. తడిసిన సన్న ఇసుకని భూకంపం కుదిపితే అది ఇసుకలా ఉండదు. జావలా మారిపోతుంది. దాని మీద నిలబడ్డ మేడ పక్కకి ఒరిగిపోతుంది. ఆ నీళ్ళు బోరులో పైకి రావడం ఆమె ఏటేటా చూసింది. సెన్సరు ఆ నేలని వానాకాలంలో ఒక్కసారి కూడా వినలేదు.

అది తెలిసిన క్షణాన నళిని మనసులో మొదట వచ్చింది భయం కాదు, ఆనందం. ఒళ్ళంతా తేలికైనట్టనిపించింది. భయం ఆ తర్వాత వచ్చింది.

మీటింగులో ఆమె లేచి నిలబడింది. విద్యాధర్ మాట్లాడటం పూర్తయ్యాక లేచింది. ముందురోజు రాత్రే భోజనాల దగ్గర అతనికి చెప్పి ఉండొచ్చు, చెప్పలేదు.

"ఇసుకమెరక విషయంలో విద్యాధర్ గారి లెక్క వేసవికి సంబంధించినది. కాలువలు వదిలాక ఆ నేల అది కాదు" అని మొదలుపెట్టి, ఒక గాజు గ్లాసులో తడి ఇసుక పోసి, దాని మీద ఇనుప బిళ్ళ పెట్టి, గ్లాసుని బల్లకేసి టకటకా కొట్టింది. ఇసుక పైకి నీళ్ళు తేలాయి. బిళ్ళ ఒక పక్కకి ఒరిగి మునిగిపోయింది.

కమిషనర్ గారు ఆ గ్లాసుని చాలాసేపు చూశారు. "విద్యాధర్ గారూ, మీరేమంటారు?"

విద్యాధర్ ముఖంలో రక్తం లేదు. "మేడమ్ చెప్పింది నిజమే సార్. నేను వానాకాలం కొలత తీసుకోలేదు."

మార్పు ఆగిపోయింది. ఆసుపత్రి ఎక్కడున్నది అక్కడే ఉంది.

ఇంటికి వచ్చే దారిలో ఇద్దరూ స్కూటర్ మీద మాట్లాడుకోలేదు. ఇంట్లో అతను కాళ్ళు కడుక్కుని వచ్చి అడిగాడు. "నిన్న ఎందుకు చెప్పలేదు?"

"నిన్న నాకు ఇంకా ఖాయంగా తెలియదు."

"నళినీ."

"ఏం? నేను నేల గురించి చెప్పాను. నీ గురించి కాదు."

"రెండూ ఒకేసారి చెప్పొచ్చు" అన్నాడు అతను. కోపంగా అనలేదు. ఆమె వంటింట్లోకి వెళ్ళి కూర తరగడానికి కూర్చుంది. వంకాయ రెండు ముక్కలు చేసేలోగా ఆమెకి ఇంకో సంగతి తట్టింది. కత్తిపీట మీద చెయ్యి ఆగిపోయింది.

కాలువలు వదలడానికి ఇంకా నెలన్నర ఉంది. ఇప్పుడు ఇసుకమెరక పొడిగానే ఉంది. ఇప్పటికి అది పచ్చే, విద్యాధర్ చెప్పినంత గట్టిదే. రోగుల్ని ఇప్పుడే అక్కడికి మార్చెయ్యొచ్చు. నీళ్ళు వచ్చేలోగా భవనం చుట్టూ లోతుగా గుంతలు తవ్వి కంకర నింపితే, ఇసుకలో ఊరిన నీళ్ళకి పైకి పోయే దారి దొరుకుతుంది, జావ కాదు. ఖర్చు పెద్దదేం కాదు, మిషన్లు ఊళ్ళోనే ఉన్నాయి. పాత భవనంలో ఒక్క రోజు కూడా ఎవరూ ఉండక్కర్లేదు.

ఆ సంగతి చెబితే కమిషనర్ గారు ఏమంటారో ఆమెకి ముందే వినిపించింది. "అయితే విద్యాధర్ గారు చెప్పింది సరైనదేగా." పేపర్లో ఏం వస్తుందో కూడా కనిపించింది. ఆ రోజు గెలిచింది ఆమె. ఒక్కసారి, పదిహేనేళ్ళలో ఒక్కసారి. ఆ గెలుపుని రెండు మూడు రోజులు దగ్గర పెట్టుకుందామనుకుంది. తర్వాత చెబుదామనుకుంది. వంకాయ ముక్కల్ని ఉప్పునీళ్ళలో వేసి లేచింది.

రెండు మూడు రోజులు వారమయ్యాయి. వారం దాటింది. కేంద్రంలో జనం ఇప్పుడు ఆమె గదికి వస్తున్నారు. "మేడమ్, మా వీధి కూడా వానాకాలంలో మారుతుందా?" అని అడుగుతున్నారు. విద్యాధర్ తన గదిలో తలుపు వేసుకుని కూర్చుంటున్నాడు. ఇంట్లో అన్వితతో మామూలుగానే మాట్లాడతాడు, ఆమెతో అవసరమైనంతే. ఆ మౌనంలో కూడా అతనిదే పైచెయ్యి అన్నట్టు అనిపించి ఆమెకి ఒళ్ళు మండేది. ఓడినవాడు ఏడవాలి, లేదా అరవాలి. ఇలా నెమ్మదిగా అన్నం కలుపుకుంటాడేమిటి?

ఒకరోజు పొద్దున్నే సలోమి కేంద్రానికి వచ్చింది. తెల్లచీర నలిగి ఉంది. డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టుంది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మేడమ్ గారూ, ఒక్క మాట అడిగి పోతానండి. మా ఆసుపత్రి పడిపోద్దని సారు చెప్పారు. కొత్తది మునిగిపోద్దని మీరు చెప్పారు. ఇద్దరూ చదువుకున్నోళ్ళు, ఇద్దరిదీ నిజమేనంట. మరి నా వార్డులో కాలు విరిగి పడుకున్నోళ్ళని, నిన్న పుట్టిన పిల్లల్ని నేనెక్కడ పెట్టుకోవాలండి?"

నళిని బల్ల మీద కాగితాలు పక్కకి నెట్టింది.

"రాత్రి చిన్న కదలిక వచ్చిందండి. ఒక బాలింత పిల్లని పట్టుకుని మెట్ల దాకా పాక్కుంటా వచ్చేసింది, కుట్లు తెగిపోయాయి. నేను ఏం చెప్పాలండి ఆవిడకి? బయట పడుకోబెట్టమంటారా? చెట్ల కింద? చెప్పండి, పెడతాను."

ఆవిడ కళ్ళలో నిష్ఠూరం లేదు. నిజంగానే చోటు అడుగుతోంది. నళిని కుర్చీలోంచి లేచింది. "పద సలోమీ. కమిషనర్ గారి దగ్గరికి వెళదాం."

కమిషనర్ గారి గదిలో ఆమె మొత్తం చెప్పింది. ఇసుకమెరక ఇప్పటికి గట్టిదేనని, విద్యాధర్ పచ్చరంగు ఈ నెలకి పూర్తిగా నిజమని, రోగుల్ని వెంటనే మార్చాలని, నీళ్ళు వచ్చేలోగా కంకర గుంతలు వేయించాలని. "పూర్తిగా నిజం" అనే మాట మొదట ఎవరికీ వినపడనంత మెల్లగా అంది. మంచినీళ్ళు తాగి మళ్ళీ అంది.

"మరి ఇంతకుముందు చెప్పలేదేం మేడమ్?"

"ఇప్పుడే లెక్క తేలింది సార్."

సలోమి ఆమె చెయ్యి పట్టుకుని కళ్ళకద్దుకుంది.

ఆ సాయంత్రం ఇంట్లో విద్యాధర్‌కి చెప్పింది. అతను ఆమె ముఖంలోకి చూసి, "మంచిది" అన్నాడు. అంతే. పొగరు, అనుకుంది ఆమె.

మర్నాటినుంచి మార్చడం మొదలైంది. ముందు కాన్పుల వార్డు, తర్వాత పిల్లల వార్డు. అంబులెన్సులు చాలక స్కూలు బస్సులు పెట్టారు. సలోమి పాత ఆసుపత్రిలో నిలబడి పంపించేది. నళిని ఇసుకమెరకలో నిలబడి దింపించుకునేది. విద్యాధర్ కొత్త భవనంలో గదిగదికీ సెన్సర్లు అమర్చాడు. రెండో రోజుకి ఆడవాళ్ళ వార్డు, మందుల గది వచ్చేశాయి. ఎముకల వార్డు మిగిలింది. కాళ్ళకి బరువులు కట్టి పడుకోబెట్టినవాళ్ళని కదిలించడం కష్టం. మూడో రోజు పొద్దున వాళ్ళని మొదలెట్టారు.

టిఫిన్ల వేళ దాటింది. నళిని కొత్త భవనం వరండాలో ఒక ముసలాయన స్ట్రెచర్ పక్కన నిలబడి ఉంది. నేల కింద లారీ పోయినట్టు శబ్దం వచ్చింది. భవనం ఒక్కసారి బలంగా అదిరింది. కిటికీ అద్దం ఒకటి పగిలింది. సెలైన్ సీసాలు స్టాండ్లకి కొట్టుకున్నాయి. పిల్లల వార్డులోంచి ఏడుపులు లేచాయి. అంతలోనే ఆగిపోయింది. గోడలకి చిన్న బీట కూడా లేదు.

అచ్చం అతను చెప్పినట్టే ఆగిపోయింది. నళినికి కలిగిన మొదటి ఆలోచన అదే. భూమి కంపించి ఆగిన ఆ క్షణంలో, ఇంకా ముసలాయన స్ట్రెచర్ రెండు చేతులతో పట్టుకునే, ఆమె మొగుడి మీద కుళ్ళుకుంది. తర్వాత తలెత్తి ఊరివైపు చూసింది. పాయవీధి మీద దుమ్ము లేస్తోంది. అక్కడ నేల ఇంకా ఊగుతూనే ఉన్నట్టుంది. దూరాన వాటర్ ట్యాంకు అటూ ఇటూ వాలుతూ కనిపించింది.

విద్యాధర్ ఆమెని దాటుకుని పరుగెత్తాడు. ఆమె కూడా వెనకే పరుగెత్తింది. ఇద్దరూ ఒకే స్కూలు బస్సులో ఎక్కారు.

పాత ఆసుపత్రి ముందుభాగం నిలబడే ఉంది. వెనక రెక్క, ఎముకల వార్డు ఉన్న రెక్క, మూడంతస్తులూ ఒకదాని మీద ఒకటి కూర్చుండిపోయాయి. సలోమి బయట మట్టిలో మోకాళ్ళ మీద ఉంది. జుట్టు, చీర అన్నీ దుమ్ముతో ఒకే రంగు. ఒక కుర్రాడికి ఎక్కుతున్న సెలైన్ సీసాని రెండు చేతులతో పైకెత్తి పట్టుకుని ఉంది. "లోపల ఇంకా ఉన్నారండి. పోలయ్య ఉన్నాడు, స్ట్రెచర్ తేవడానికి పైకెళ్ళాడు. లోపల ఉన్నారండి" అంటూనే ఉంది.

సాయంత్రానికి ఏడుగుర్ని తీశారు. ఎవరికీ ప్రాణం లేదు. ఆరుగురు రోగులు, ఒకడు వార్డు బాయ్ పోలయ్య. ఊరంతా కలిపి చాలా ఇళ్ళు పడ్డాయి, కానీ భయంతో జనం ముందే ఆరుబయట ఉండటంతో పోయినవాళ్ళు తక్కువ. ముందురోజుల్లో ఇసుకమెరకకి వెళ్ళిన బాలింతలు, పిల్లలు అంతా క్షేమం. పేపర్లో భార్యాభర్తలిద్దరి ఫోటో పక్కపక్కన వేశారు. "పీట, బోరు కలిసి ఊరిని కాపాడాయి" అని రాశారు. అన్విత దాన్ని కత్తిరించలేదు. పోలయ్య కూతురు వాళ్ళ క్లాసే.

భూకంపం వచ్చిన మూడోరోజు సలోమి నళినిని వరండాలో ఆపి, "మీరు ఆ రోజు నా వెంట రాబట్టి ఇంతమంది మిగిలారండి. దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి" అంది. నళిని ఆవిడ చేతుల్లోంచి తన చేతులు తీసేసుకుంది. పని ఉందని చెప్పి వెళ్ళిపోయింది.

పని నిజంగానే ఉంది. కాలువలు వదిలే రోజు దగ్గరపడుతోంది. దిగువన రైతులు నారుమళ్ళకి నీళ్ళకోసం కాచుకుని ఉన్నారు. నీళ్ళొచ్చేలోగా ఇసుకమెరక చుట్టూ కంకర గుంతలు పూర్తికావాలి. లేకపోతే ఇప్పుడు పచ్చగా ఉన్నదే ఎరుపవుతుంది. నళిని, విద్యాధర్ ఎండలో నిలబడి మిషన్లతో పని చేయించారు. ఎక్కడ ఎంత లోతు వెళ్ళాలో ఆమె చెప్పింది, వేసిన గుంత పనిచేస్తోందో లేదో అతని సెన్సరు చెప్పింది. ఒకరి పని లేకపోతే ఇంకొకరి పని ముందుకు సాగలేదు. ఇద్దరూ పని గురించి తప్ప మాట్లాడుకోలేదు.

ఒక మధ్యాహ్నం మిషన్ చెడిపోయి పని ఆగింది. ఇద్దరూ కంకర కుప్ప నీడన కూర్చున్నారు. విద్యాధర్ మంచినీళ్ళ సీసా మూత తిప్పుతూ ఉండిపోయాడు.

"నీకొక మాట చెప్పాలి. చెప్పాక నువ్వు ఏమన్నా సరే" అన్నాడు.

ఆమె అతనివైపు చూసింది.

"మీటింగులో నువ్వు గ్లాసు చూపించిన రోజు. ఇంటికొచ్చే దారిలోనే, స్కూటర్ మీదే నాకు తట్టింది. వేసవిలో మార్చొచ్చని. కాలువలు వదిలేదాకా అది గట్టిదే కదా అని."

నళిని అతనివైపు పూర్తిగా తిరిగింది.

"నేను చెప్పలేదు. నీ అంతట నువ్వు వచ్చి, నీ లెక్క కూడా సరిగ్గానే ఉంది విద్యా అని అంటావని చూశాను. నువ్వే అనాలి అనుకున్నాను. రోజూ అన్నం తింటున్నప్పుడు, ఇవాళ అంటుందేమో అని చూశాను." అతను సీసా మూత బిగించాడు. "నా పీటని ఊరంతా మెచ్చుకుంది. కానీ నేల నీ మాట వింటుంది, నా మాట వినదు. మొదట్నించీ నాకు ఆ కుళ్ళు ఉంది నళినీ. పదిహేనేళ్ళనుంచీ. నువ్వు బురద కాళ్ళతో ఇంటికొచ్చి, ఇవాళ ఫలానా చోట ఇసుక దొరికింది అని చెప్పినప్పుడల్లా. పీట చేసింది కూడా బహుశా అందుకే."

అవతల గట్టు మీద మిషన్ డ్రైవర్ ఎవరినో ఫోన్లో తిడుతున్నాడు.

"నాకూ తెలుసు" అంది చివరికి.

"ఏం తెలుసు?"

"వేసవిలో మార్చొచ్చని. అదే సాయంత్రం, కూర తరుగుతుంటే. సలోమి వచ్చేదాకా నోరు మూసుకున్నాను."

అతను సీసా కింద పెట్టాడు. ఇద్దరికీ ఒకే సాయంత్రం కనిపించింది. ఒకే బల్ల, రెండు కంచాలు, వంకాయ కూర, మధ్యలో అన్విత ఏదో కాలేజీ కబురు చెబుతూ. ఇద్దరి నోళ్ళలో ఒకే మాట. ఎవరో ఒకరు ఆ మాట అని ఉంటే ఎముకల వార్డు ఆ వారంలోనే ఖాళీ అయ్యేది.

నళిని ఏడవలేదు. అతని చెయ్యి పట్టుకోవాలని కూడా అనిపించలేదు. లేచి చీర దులుపుకుంది. "సలోమికి చెప్పాలి" అంది.

"ఇద్దరం."

"ఆఁ, ఇద్దరం."

సలోమి కొత్త ఎముకల వార్డు బయట బల్ల మీద దుప్పట్లు మడతపెడుతోంది. ఇద్దరూ ఎదురుగా నిలబడి చెప్పారు. ముందు అతను, తర్వాత ఆమె. ఆవిడ మడతపెడుతూనే విన్నది. సగంలో చేతులు ఆగిపోయాయి. పోలయ్య పేరు వచ్చినప్పుడు ఆవిడ ముఖం పక్కకి తిప్పుకుంది.

వాళ్ళు చెప్పడం ముగించారు. నళిని కాచుకుని నిలబడింది. తిట్టినా బాగుండుననుకుంది. కొట్టినా బాగుండుననుకుంది.

"మొన్న మీ చెయ్యి పట్టుకుని దేవుడి పేరు చెప్పానండి" అంది సలోమి మెల్లగా. "ఆ మాట వెనక్కి తీసుకోలేను. తీసుకోవాలని కూడా లేదు, పిల్లలు బతికారు కదండి. కానీ ఇప్పుడు మీరు చెప్పింది నేనేం చేసుకోనండి? పోలయ్య పెళ్ళానికి చెప్పమంటారా? చెప్పకుండా ఆవిడ ముఖం చూడమంటారా? చెప్పేశాక మీ ఇద్దరికీ తేలికైనట్టుంది. మీరు దింపుకున్నది నా నెత్తిమీద పెట్టారు."

విద్యాధర్ ఏదో అనబోయాడు. ఆవిడ చెయ్యెత్తి ఆపింది.

"పోలయ్య పెళ్ళానికి మీరే చెప్పండి. ఇవాళే. ఆవిడ ఏమన్నా పడండి. నన్ను మాత్రం మధ్యలో పెట్టకండి. ఒకసారి మధ్యలో నిలబడ్డాను, చాలు."

లోపలినుంచి ఎవరో నొప్పితో సిస్టరమ్మా అని పిలిచారు. సలోమి మడతపెట్టిన దుప్పట్లు చంకలో ఇరికించుకుని వార్డులోకి వెళ్ళిపోయింది.

భార్యాభర్తలిద్దరూ వరండా మెట్లు దిగారు. పోలయ్యవాళ్ళు ఇల్లు పడిపోయాక స్కూలు ఆవరణలో టెంటులో ఉంటున్నారు. అక్కడికి నడిచి వెళ్ళేంత దూరమే. గేటు దాటాక విద్యాధర్ ఆగి, "నేను ముందు చెప్పనా?" అన్నాడు.

నళినికి ఆ మాట వినగానే ఒక్క క్షణం పాత మంట లేచింది. అతనే ముందా, ఇందులో కూడానా అని. దాన్ని ఆమె గుర్తుపట్టింది. గుర్తుపట్టినంత మాత్రాన అది ఆరలేదు.

"చెప్పు" అంది. ఇద్దరూ నడిచారు.